అక్రా వీథులలో పరదేశి కన్నీరు

ఒక దేశమున క్రొత్త నాయకుడు అధికారమును చేపట్టిన దినమున ఆ దేశ ప్రజలు వీథులలోనికి వచ్చి ఆడిపాడుట వింత కాదు. బిడ్డ పెండ్లినాడు తల్లిదండ్రులు సంతోషించుట యెంత సహజమో, తాము కోరుకొన్న నాయకుని పట్టాభిషేకమునాడు ప్రజలు సంతోషించుటయు నంత సహజము. అట్టి వేడుకలలో మేళతాళము లుండును, బాణసంచా యుండును, జయజయధ్వానము లుండును. మరునాటి ఉదయమున వీథు లూడ్చువారు వచ్చి వాడిన పూవులను, చిరిగిన కాగితపు తోరణములను ఎత్తుకొని పోవుదురు. అంతటితో నా వేడుక చరిత్ర గ్రంథమున నొక పంక్తిగా మిగులును. కాని ఆ దేశమున పుట్టనివాడు, ఆ జనుల భాష నెరుగనివాడు, ఆ నాయకునికి ఓటు వేయనివాడు, తుదకు విమానమెక్కి తన యింటికి పోవలసినవాడు, అట్టి పరదేశి యొకడు ఆ జనసమ్మర్దము నడుమ నిలిచి కన్నీరు మున్నీరుగా విలపించినచో, దానికి కారణమేమని మనము విచారింపవలసి యున్నది.

1957వ సంవత్సరము మార్చి 5వ తేదీ రాత్రి పశ్చిమాఫ్రికాలోని అక్రా నగరమున అట్టి సంఘటన జరిగెను. ఆనాటి అర్ధరాత్రి పండ్రెండు గంటలకు గోల్డుకోస్టు అను బ్రిటిషు వలసరాజ్య మంతరించి ఘనా అను స్వతంత్ర దేశము పుట్టెను. క్వామే ఎన్‌క్రూమా ఆ స్వతంత్ర దేశమునకు ప్రథమ ప్రధానమంత్రి యయ్యెను. కన్నీరు కార్చిన పరదేశి అమెరికా సంయుక్తరాష్ట్రములలోని అలబామానుండి భార్యాసమేతుడై వచ్చిన ఇరువదియెనిమిదేండ్ల క్రైస్తవ మతబోధకుడు. ఆయన పేరు మార్టిన్ లూథర్ కింగు.

వచ్చిన అతిథి

నేడు కింగు పేరు నెరుగని దేశము లేదు. కాని ఆనాటికి ఆయన కీర్తి ఏడాది వయస్సుది. మాంట్‌గోమరీ నగరమున నల్లజాతివారు బస్సులలో వెనుక వరుసలందే కూర్చుండవలెననియు, తెల్లవాడు నిలువబడి యున్నచో లేచి చోటీయవలెననియు శాసన ముండెను. 1955 డిసెంబరు 1వ తేదీన రోజా పార్క్సు అను స్త్రీ లేవనని కూర్చుండగా ఆమెను నిర్బంధించిరి. ఆ నెల 5వ తేదీనుండి నల్లజాతి ప్రజలు బస్సు లెక్కుట మానివేసిరి. 381 దినములు వారు ఎండనక వాననక కాలినడకను పనులకు పోయిరి, వచ్చిరి. ఆ ఉద్యమమునకు నాయకుడుగా ఎన్నుకొనబడినవాడు ఆ ఊరికి క్రొత్తగా వచ్చిన యువక బోధకుడైన కింగు. 1956 జనవరి 30వ తేదీ రాత్రి ఆయన ఇంటిపై బాంబు విసరిరి. ఆ సమయమున భార్యయు పసిబిడ్డయు ఇంటనే యుండిరి. దైవానుగ్రహమున వారికి హాని కలుగలేదు. క్రోధావేశముతో గుమిగూడిన తనవారిని ఆయన వరండాలో నిలిచి శాంతవచనములతో ఇండ్లకు పంపెను.

తుదకు సుప్రీంకోర్టు ఆ బస్సుల శాసనము చెల్లదని తీర్పు చెప్పెను. 1956 డిసెంబరులో నల్లజాతివారు బస్సులలో తమకు నచ్చినచోట కూర్చుండిరి. అయినను, మరుసటి నెలలోనే వారి చర్చిలమీదను, నాయకుల ఇండ్లమీదను మరల బాంబులు పడెను. బస్సులో కూర్చుండు హక్కు వచ్చెనేకాని, నిరాటంకముగా ఓటు వేయుటకు, తెల్లవారి బిడ్డలతోపాటు బిడ్డలను చదివించుటకు, ఆకలియైన వేళ కనబడిన హోటలులోనికి పోయి పట్టెడన్నము తినుటకు హక్కు రాలేదు. ఇట్టి స్థితిలో నుండగా ఎన్‌క్రూమా యొద్దనుండి ఆహ్వానము వచ్చెను. చర్చి సభ్యులును, ఉద్యమ సంఘమువారును ప్రయాణవ్యయమునకు సొమ్ము కూర్చి ఆయనను పంపిరి. బస్సులో నొక ఆసనముకొరకు ఏడాదికిపైగా నడచిన జనుల ప్రతినిధి, ఒక దేశమునకు దేశమే తన రంగువారి చేతికి వచ్చుటను కన్నులార చూడబోయెను.

సముద్రతీరపు కోటలు

ఆ దేశముతో కింగునకు పుట్టుకచేత సంబంధము లేదంటిమి. ఆ మాట కొంతవరకే నిజము. గోల్డుకోస్టు తీరము పొడవునను ఐరోపీయులు కట్టిన కోటలు నేటికిని నిలిచియున్నవి. ఎల్మినా కోటను పోర్చుగీసువారు 1482లోనే కట్టిరి. మొదట బంగారమునకై వచ్చినవారు తరువాత మనుష్యులను కొనసాగిరి. కోటల నేలమాళిగలలో గాలియు వెలుతురును లేక గొలుసులతో బంధింపబడిన స్త్రీపురుషులను ఓడల కెక్కించి అట్లాంటికు మహాసముద్రము దాటించిరి. పైయంతస్తులలో దొరల భోజనశాలలును ప్రార్థనామందిరములును, క్రింద చెరలును ఉండెడివి. అమెరికాలోని నల్లజాతివారి పూర్వులలో పెక్కురు ఈ పశ్చిమాఫ్రికా తీరపు రేవులనుండి పోయిరి. వారి పేర్లు మారినవి, భాష మరపున పడినది, దేవుడును మారినాడు. మిగిలినది చర్మవర్ణ మొక్కటియే. ఆ వర్ణము కారణముగనే బస్సులో వెనుక కూర్చుండవలసి వచ్చెను. కాబట్టి కింగు అక్రాలో పరదేశియే యైనను, దొంగిలింపబడిన బిడ్డకు మనుమడు తాతలనాటి ఊరికి వచ్చినట్లు వచ్చినవాడు.

1844 మార్చి 6వ తేదీన తీరప్రాంతపు నాయకులు కొందరు బ్రిటిషువారితో నొక ఒడంబడికపై చేవ్రాలు చేసిరి. ఆ చేవ్రాలే క్రమముగా మెడకు ఉచ్చయ్యెను. సరిగా 113 సంవత్సరములు నిండిన దినమున, అదే మార్చి 6న, ఆ ఉచ్చు తొలగెను. ఒడంబడిక వ్రాసికొన్న తిథినాడే దానిని చించివేయుటలో నొక ఔచిత్యము గలదు.

కారాగారమునుండి పదవికి

ఎన్‌క్రూమా 1909లో ఎన్‌క్రోఫుల్ అను పల్లెలో పుట్టెను. 1935లో అమెరికాకు పోయి పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయమున చదువుకొనెను. చదువునకు సొమ్ము చాలక హార్లెము వీథులలో చేపలమ్మి చూచెను, ఓడలలో కూలిపని చేసెను. ఆ దేశమున నల్లవాడు పడు అవమానము లన్నియు ఆయనకు స్వానుభవములే. 1947 తుదిని స్వదేశమునకు తిరిగివచ్చి, జె. బి. డాంక్వా మొదలగు విద్యావంతులు స్థాపించిన రాజకీయ సంఘమునకు కార్యదర్శి యయ్యెను.

మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన అక్రాలో నెత్తురు చిందెను. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు సామ్రాజ్యము పక్షమున పోరాడి వచ్చిన సైనికులు తమకు రావలసిన భరణములను గూర్చి విన్నపము సమర్పించుటకు గవర్నరు కోటవైపు నడచుచుండగా పోలీసు అధికారి కాల్పులు జరిపెను. సార్జంటు అడ్జెటీ, కార్పొరలు అట్టిపో, ప్రైవేటు ఒడార్టే లాంప్టీ అను మువ్వురు నేలకొరిగిరి. పశ్చిమాఫ్రికా సైనికదళములు భారతదేశమున విడిసి, అరకాను అడవులలో జపానువారితో పోరాడినవన్న సంగతి మనవారిలో పలువురు మరచినారు. అన్యుల స్వాతంత్ర్యమునకై బర్మాలో తుపాకి పట్టినవాడు తన ఇంటికి వచ్చి తానెందుకు బానిసగా నుండవలెనని ప్రశ్నించుట న్యాయమే కదా! ఆ కాల్పుల పిమ్మట నగరమున అల్లరులు చెలరేగగా, ఎన్‌క్రూమాను, డాంక్వాను, మరి నలువురు నాయకులను ప్రభుత్వము నిర్బంధించెను.

పెద్దల నిదానము ఎన్‌క్రూమాకు నచ్చలేదు. 1949 జూనులో ఆయన ప్రత్యేకముగా నొక ప్రజాపక్షమును స్థాపించెను. బజారులోని స్త్రీలు, బడి విడిచిన యువకులు, రేవు కూలీలు, కోకో రైతులు ఆ పక్షమున చేరిరి. గాంధీమహాత్ముని సత్యాగ్రహమునుండి ప్రేరణ పొంది 1950 జనవరి 8వ తేదీన సమ్మెలతోడను, బహిష్కారముతోడను కూడిన అహింసాత్మకమైన ప్రత్యక్షచర్యకు పిలుపునిచ్చెను. ప్రభుత్వ మాయనను పట్టి అక్రాలోని జేమ్సు కోటలో బంధించెను. ఆ కోటయు ఒకప్పుడు బానిసవర్తకులు కట్టినదే. 1951 ఫిబ్రవరిలో ఎన్నికలు జరుగగా ఆయన చెరలోనుండియే పోటీచేసి, పోలైన 23,122 ఓట్లలో 22,780 ఓట్లు సంపాదించెను. చెరలో నుంచినవారే తలుపు తెరచి, మంత్రివర్గమునకు నాయకత్వము వహింపుమని కోరవలసి వచ్చెను. 1952లో ప్రధానమంత్రి యను పేరు వచ్చెను. 1957లో ఆ పేరునకు సంపూర్ణాధికారము తోడయ్యెను. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగునని మన పెద్దలన్న మాట ఇంత త్వరలో నిజమగుట అరుదు.

ఆ అర్ధరాత్రి

ఆ రాత్రి పాత శాసనసభ కడపటి సమావేశమును చూచుటకు కింగు దంపతులు అతిథుల వరుసలో కూర్చుండిరి. ఇంగ్లండు రాణి పక్షమున కెంటు డచెస్ విచ్చేసెను. అమెరికా ప్రభుత్వము పక్షమున ఉపాధ్యక్షుడు రిచర్డు నిక్సను వచ్చెను. తమ తమ దేశముల అలంకారములతో రాయబారులు వచ్చిరి. అట్టి సభలోనికి ఎన్‌క్రూమాయు, ఆయనతో చెరబాధ ననుభవించిన మంత్రులును కారాగారపు టోపీలు ధరించి ప్రవేశించిరి. పట్టుబట్టలు లేవు, కిరీటములు లేవు. ఆ టోపీలపై పి. జి. అను రెండక్షరములు కుట్టబడియుండెను. కారాగార పట్టభద్రుడని వాని యర్థము. మనదేశమునను జైలుకు వెళ్లివచ్చినవాడన్న మాటయే బిరుదుగా చెల్లిన దినములుండెను గనుక ఆ రెండక్షరముల విలువ మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రాత్రి చూచిన వాటిలో నెల్ల తన మనస్సునకు మిక్కిలి హత్తుకొనిన దా టోపీలేయని కింగు తరువాత చెప్పెను. నగరములను జయించి వచ్చిన సేనానులను లోకము చూచినది. చెరనుండి వచ్చి, ఆ చెరగుర్తును దాచుకొనక శిరస్సున దాల్చి రాజ్యమును స్వీకరించినవారిని చూచుట అపురూపము.

సభ ముగిసిన వెంటనే నాయకులు ఎదుటనున్న పోలో మైదానమునకు నడచిరి. అది దొరలు గుఱ్ఱములపై ఆటలాడిన స్థలము. ఆ రాత్రి అచ్చట ఇసుకవేసిన రాలనంత జనము. పండ్రెండు కొట్టగా బ్రిటిషు జెండా దిగెను. ఎరుపు, పసిమి, ఆకుపచ్చ పట్టెలు గలిగి నడుమ నల్లని నక్షత్రమున్న క్రొత్త జెండా పైకెక్కెను. దానిని రూపొందించినది థియొడోసియా ఓకో అను మహిళ. ఎరుపు పోరాటమున అసువులు బాసినవారికి, పసిమి భూగర్భమునందలి బంగారమునకు, ఆకుపచ్చ అడవులకును పంటలకును గుర్తు. నల్లని నక్షత్రము ఆఫ్రికా స్వేచ్ఛకు గుర్తు. ఎన్‌క్రూమా ఉత్తరప్రాంతపు సామాన్యులు తొడుగు చారల నేతచొక్కాతో వేదికపై నిలిచి, తమ ప్రియదేశము శాశ్వతముగా స్వతంత్రమైనదని ప్రకటించెను. ఆఫ్రికా ఖండమంతయు విముక్తి నొందనిదే తమ స్వాతంత్ర్యము సార్థకము కాదని పలికెను. ఒక నిమిషము మౌనముగా నిలిచి దైవమునకు కృతజ్ఞత చెప్పుడని ప్రజలను కోరెను.

ఆ మౌన మంతరించిన పిమ్మట వీథులు తామే మాటాడసాగినవి. ఆరేండ్ల పసివాండ్రును, ఎనుబదేండ్లు దాటిన ముదుసలులును స్వేచ్ఛ, స్వేచ్ఛ యను నర్థమిచ్చు ఇంగ్లీషు మాటను కేకవేయుచు అక్రా వీథులలో తిరిగిరి. ఆ మాట వారి నోట ఇంగ్లీషువారి ఉచ్చారణతో వెలువడలేదు. తమ యాసలో దానిని సాగదీసి, తమ పాటగా మలచుకొనిరి. దొరల భాషలోని మాటలలో దొరలు వారికి నేర్పని అర్థ మా యొక్క మాటకే కలదు. ఆ కేకలలో కింగునకు మరియొక ధ్వని వినవచ్చెను. అమెరికా ప్రత్తిచేలలో తన పూర్వులైన బానిసలు పాడుకొనిన విముక్తి గీతము ఆయన చెవిలో మ్రోగెను. తనకు తెలియకుండగనే కన్నులవెంట నీరు కారినదని, ఆ జనులు పడిన శ్రమయు బాధయు తానెరుగుదునని ఆయన స్వయముగా చెప్పుకొనెను.

పొరుగింటి పండుగ

ఆ కన్నీరు ఆనందబాష్పమే యని ఆయన మాట. దానిని మనము కాదనరాదు. కాని ఆనందబాష్పమునందును ఉప్పుండును. తుదకు ఆయన తిరిగిపోవలసినది అలబామాకే. వేడుకల నడుమ నిక్సను ఎదురుపడగా కింగు ఆయనతో, మిమ్ము ఇచ్చట చూచుట సంతోషమే, కాని ఇచ్చటివారు పండుగచేసికొనుచున్న స్వేచ్ఛకే మేము అలబామాలో పోరాడుచున్నాము, ఆ ఊరికిని ఒకసారి రండను భావము వచ్చునట్లు పలికెను. తన దేశపు ఉపాధ్యక్షుని తన దేశమున కలిసికొనలేనివాడు ఆయనను కలిసికొనుటకు ఆఫ్రికాకు పోవలసివచ్చెను. ఈ యొక్క సంగతిలో నాటి అమెరికా చరిత్ర సగము గలదు. వృద్ధ పండితుడగు డబ్ల్యు. ఇ. బి. డుబాయిసు ఆఫ్రికా స్వాతంత్ర్యమునకై అర్ధశతాబ్దికి పైగా కలము పట్టినవాడు. ఆయనకును ఆహ్వానము వచ్చెను. కాని ఆయన ప్రభుత్వము ఆయనకు పాస్‌పోర్టు నీయలేదు. పండుగకు నోముపట్టినవాడే పండుగనాడు పందిటిలో లేకపోయెను.

ఈ మాట వ్రాయుచుండగా మన యర్ధరాత్రి జ్ఞప్తికి రాక మానదు. 1947 ఆగస్టు 15వ తేదీ సాయంకాలమున ఢిల్లీలో జెండా వందనమునకు వచ్చిన మౌంటుబాటను ప్రభువునకు గుఱ్ఱపుబండినుండి కాలు క్రిందమోపుటకైన చోటు లేకపోయెను. ఆ జనసముద్రమున నెహ్రూకు జయధ్వానములు మిన్నుముట్టెను. ఆ పండుగకు మూలపురుషుడైన గాంధీమహాత్ముడు మాత్రము కలకత్తాలో బేలియాఘాటా యను పేటలో పాడుబడిన ఇంట ఉపవాసముండి రాట్నము వడకుచుండెను. మన తెలుగువారిలోనే నిజాము సంస్థానములోని వారికి ఆ పండుగ నాటికి పొరుగింటి పండుగయే. వారు 1948 సెప్టెంబరు వరకు వేచియుండవలసి వచ్చెను. గోదావరీతీరమున యానాములోని తెలుగువారు చుట్టుపట్ల గ్రామములన్నిట త్రివర్ణపతాక మెగురుచుండగా, తమ ఊరిమీద ఫ్రెంచి జెండాను 1954 వరకు చూచుచుండవలసి వచ్చెను. తన బంధువు ఇంటి ముంగిట మామిడితోరణమును చూచి సంతోషించి, తన ఇంటి గడపవైపు చూచి నిట్టూర్చిన హృదయము మనకు క్రొత్తది కాదు. కింగు హృదయ మట్టిదే. కాబట్టి అక్రాలో ఆయన కార్చిన కన్నీరు తెలుగువానికి సులభముగా నర్థమగును.

ఆ వేడుకలలో మరియొక దృశ్యమును ఆయన మరువలేదు. ప్రభుత్వ విందులో ఎన్‌క్రూమా కెంటు డచెస్‌తో నృత్యము చేసెను. నిన్నటి ఖైదీయు, అతనిని ఖైదుచేసిన రాజ్యపు రాజబంధువును సమానులై అడుగులు కలిపిరి. ఎవని కన్నులయందును పగ కనబడలేదు. హింసచే సాధించిన విజయమునకు చేదు మిగులుననియు, అహింసచే సాధించినదానికి స్నేహము మిగులుననియు కింగు దానినుండి గ్రహించెను. ఇంటికి చేరిన పిమ్మట 1957 ఏప్రిలు 7వ తేదీన మాంట్‌గోమరీలోని తన చర్చిలో ఆయన ఘనా జన్మవృత్తాంతమునే ధర్మోపన్యాసముగా చెప్పెను. పీడించువాడు స్వేచ్ఛను తనంతట తానీయడని, అడుగనిదే రాదని చెప్పెను. ఐగుప్తు దాస్యమునుండి వెలువడిన యూదులకు వాగ్దత్తభూమికి ముందు అరణ్యము దాటవలసివచ్చినట్లు, ఘనాకును ముందున్నది అరణ్యమే యని హెచ్చరించెను. పండుగలో కన్నీరు కార్చినవాడు పండుగతోనే పని ముగిసినదని భ్రమపడలేదు. వచ్చిన అతిథులలో ఆయన ఘనత యిదియే.

అరణ్యము

ఆ హెచ్చరిక నిజమయ్యెను. ఎన్‌క్రూమా పాఠశాలలు పెట్టెను, ఆసుపత్రులు కట్టెను, వోల్టానదికి అకసోంబో యొద్ద ఆనకట్ట కట్టించెను. 1961లో బెల్‌గ్రేడున నెహ్రూ, నాసరు, టిటో, సుకర్ణోల సరసన కూర్చుండి అలీనరాజ్యముల కూటమికి పునాదివేసెను. కాని స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1958లోనే, విచారణ లేక అయిదేండ్లవరకు మనుష్యుని చెరలో నుంచు శాసనమును ఆయన ప్రభుత్వము చేసెను. కారాగారపు టోపీతో సభకు వచ్చినవాడు ఇతరులకు కారాగార ద్వారములు తెరచెను. 1964లో తన పక్షమొక్కటియే దేశమున నుండవలెనని నిర్ణయింపజేసెను. జెండాలోని పసిమిని తీసివేసి, తన పక్షపు జెండాను పోలునట్లు తెల్లపట్టెను వేయించెను. దేశము జెండాకును పక్షము జెండాకును భేదము చెరిపివేసిన దినముననే దేశము వేరు, పక్షము వేరని ప్రజలకు తెలియవచ్చెను. 1948లో తనతోపాటు నిర్బంధింపబడినవాడును, దేశమునకు ఘనా యను ప్రాచీన నామమును సూచించినవాడునగు డాంక్వా 1965 ఫిబ్రవరిలో స్వతంత్ర ఘనా చెరలో మరణించెను. ఏరు దాటి తెప్ప తగలవేయుటయన నిట్టిదే.

1966 ఫిబ్రవరి 24వ తేదీన, ఎన్‌క్రూమా వియత్నాము శాంతియత్నమునకై పోవుచు దారిలో నుండగా, సైన్యమును పోలీసులును ఆయనను పదవీచ్యుతుని చేసిరి. ఆ వార్త ఆయనకు పెకింగులో తెలిసెను. అక్రా వీథులలోనికి జనులు మరల వచ్చిరి, మరల ఆడిపాడిరి. శాసనసభ ఎదుట నిలిచిన ఎన్‌క్రూమా విగ్రహమును కూలద్రోసిరి. తొమ్మిదేండ్ల క్రిందట ఏ వీథులు ఆయన రాకకు జయము పలికెనో, ఆ వీథులే ఆయన పతనమునకు జయము పలికెను. ఆయన మరల స్వదేశమును చూడలేదు. గినీ దేశమున ఆశ్రయము పొంది, 1972 ఏప్రిలు 27వ తేదీన రుమేనియాలో బుకారెస్టు నగరమున రోగశయ్యపై మరణించెను.

ఇది విని, వీథులలోని ఉత్సాహము నమ్మదగినది కాదని, జనసమూహము గాలివాటము వంటిదని తీర్పు చెప్పువారు గలరు. అట్టి తీర్పు తేలిక, న్యాయము కాదు. 1957లో అక్రా ప్రజలు ఆనందించినది ఒక మనుష్యుని చూచి కాదు. వారి కేకలలో నాయకుని పేరుకన్న స్వేచ్ఛ యను మాట ముందు నిలిచెను. నాయకుడు ఆనాడు వారి కష్టమునకు, వారి చెరకు, వారి విజయమునకు అద్దముగా నిలిచెను. అద్దమున తమ ముఖమును చూచికొని వారు మురిసిరి. అద్దము తనవల్లనే ఆ ముఖము కలిగినదని భావించిన నాడు వారు దానిని దింపివేసిరి. దింపిన చేతులు సైనికులవి కావడము వారి దౌర్భాగ్యము. అందుకు ఫలముగా ఆ దేశము పెక్కేండ్లు తుపాకుల నీడన బ్రదుకవలసి వచ్చెను. కాని రెండు దినములందును వీథులలోనికి వారిని తెచ్చిన కోరిక యొక్కటియే. కాబట్టి క్రొత్త నాయకుని గద్దెనెక్కించి వీథులలో నృత్యము చేయు ప్రజలు తెలిసికొనవలసినదేమనగా: ఆ దినము తాము ఆయనకు ఋణపడుట లేదు, ఆయన తమకు ఋణపడుచున్నాడు. ఆ సంగతి నాయకునికి జ్ఞాపక ముండునంతకాలము పండుగ వృథాకాదు.

కన్నీటి ఫలము

పరదేశి కన్నీ రేమయ్యెను? కింగు 1959 ఫిబ్రవరిలో భారతదేశమునకు వచ్చి ఒక నెల తిరిగెను. ఇతర దేశములకు యాత్రికుడుగా చూడబోవుదునేమోగాని ఈ దేశమునకు తీర్థయాత్రకై వచ్చితినని చెప్పెను. 1963 ఆగస్టు 28వ తేదీన వాషింగ్టనులో లక్షలాది జనుల ఎదుట ఆయన చేసిన మహోపన్యాసము చివర, అక్రాలో తన చెవిలో మ్రోగిన ఆ బానిసల విముక్తి గీతమునే పలికి ముగించెను. పొరుగింటి పండుగలో విన్న పాటను తన ముంగిటికి తెచ్చుకొనుటకు ఆరేండ్లు పట్టెను. దానికి ముందునాడే డుబాయిసు, తనకు పాస్‌పోర్టు నీయని దేశమును విడిచి వచ్చి స్థిరపడిన అక్రాలోనే, 95వ యేట కన్నుమూసెను. 1964, 1965 సంవత్సరములలో అమెరికాలో పౌరహక్కుల శాసనమును, ఓటుహక్కు శాసనమును వచ్చెను. 1968 ఏప్రిలు 4వ తేదీన మెంఫిసు నగరమున హంతకుని గుండు కింగును బలిగొనెను. అక్రాలో కార్చిన కన్నీటికి ఆయన తన నెత్తుటితో లెక్క చెప్పెను.

ఆ పోలో మైదానమున నేడు ఎన్‌క్రూమా స్మారకవనము గలదు. 1992లో దానిని ప్రారంభించి ఆయన అస్థికలను అచ్చట నుంచిరి. స్వాతంత్ర్యమును ప్రకటించిన చోటనే ఆయన నిలువెత్తు విగ్రహము నిలిచియున్నది. ఆ వనముననే, 1966లో కూలద్రోసిన విగ్రహపు శిథిలమును, తల లేని మొండెమును గూడ నిలిపిరి. విరిగిన తల దాని ప్రక్కన వేరుగా నున్నది. ఘనా ప్రజలు తమ సంతోషమును దాచుకొనలేదు, తమ కోపమును దాచుకొనలేదు. రెంటిని ఒక్క తోటలో ఎదురెదురుగా నిలిపిరి. 2001, 2009, 2017, 2025 సంవత్సరములలో ఆ దేశమున అధికారము ఒక పక్షమునుండి మరియొక పక్షమునకు ఎన్నికల మూలముగా శాంతముగా మారెను. జెండాలో పసిమి 1966లోనే తిరిగివచ్చెను.

నేటికిని ప్రతి దేశమున నేదో యొక దినమున క్రొత్త నాయకునికై వీథులు పొంగును. ఆ గుంపులో నెచ్చటనో యొక మూల ఒక పరదేశి నిలిచియుండును. వాడు సరదాకు వచ్చినవాడైనచో నవ్వి పోవును. తన ఇంట దీపము లేనివాడైనచో కన్నీరు కార్చును. ఉత్సవము చేసికొనువా రొకసారి ఆ కన్నీటివైపు చూచుట మంచిది. తమకు వచ్చినదేమో, దానిని పోగొట్టుకొన్నచో పోవునదేమో అతని కన్నులలో వారికి కనబడును.